సెలీన్ మేడం చెప్పిన దగ్గరి భవిష్యత్తు

మొన్నొక సోమవారం పొద్దున అనకాపల్లి స్టేషన్లో విశాఖ వెళ్ళే ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నాను. వాన వెలిసినా ప్లాట్‌ఫారం ఇంకా తడిగానే ఉంది. పైన మైకు గరగరలాడి, అలవాటైన ఆడగొంతు బండి ‘మరికొద్ది సేపట్లో రాబోతున్నది’ అంది. ఏళ్ళ తరబడి వింటున్న మాటే. ఆ రోజు మాత్రం అందులోని ‘బో’ నా చెవిలో ముల్లులా దిగింది. బండి రాలేదు. కాసేపటికి ఆ గొంతు మళ్ళీ అదే మాట అదే తీరులో చెప్పింది. పక్కన సంచి మీద కూర్చున్న పెద్దాయన, “ఇందాకట్నుంచీ రాబోతానే ఉందిది” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మాకు ఫ్రెంచి చెప్పిన సెలీన్ మేడం పక్కనుంటే పళ్ళు కొరికేవారు. కనపడని బండి గురించి ఆ ‘బోతున్నది’ కాలంలో మాట్లాడ్డం ఆవిడ దృష్టిలో వ్యాకరణదోషం కాదు, అబద్ధం. ఆవిడ పోయి చాలాకాలమైంది. నేను ఈ రోజు తింటున్న తిండి ఆవిడ నేర్పిన భాష పెట్టిందే. ఆ భాష ఆవిడకి మాత్రం ఏమీ పెట్టలేదు. ఆవిడని చూసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పుడెంతమంది మిగిలారో తెలియదు. అందుకే రాస్తున్నాను.

నాది పూడిమడక. నాన్న బోటు మీద వేటకి వెళ్ళేవాడు. అమ్మ ఎండుచేపలు తట్టలో పెట్టుకుని బస్సెక్కి అనకాపల్లి తెచ్చి అమ్మేది. నేను పదో తరగతి మేం అనుకున్నదానికంటే బాగా పాసయ్యాను. “నానెల్లే బస్సే గదేటే, నువ్వూ ఎక్కు. అక్కడే కాలేజీలో సదువుకుందూగాని” అని అమ్మ నన్ను అనకాపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేర్పించింది. రెండువేల నాలుగు ప్రాంతం అది. వీధికో కాలేజీ బోర్డు వెలుస్తున్న రోజులు. మా కాలేజీ ఒక బట్టల దుకాణం మీద రెండంతస్తుల్లో ఉండేది. కింద చీరలు మడతపెట్టే చప్పుడు పైన క్లాసులోకి వినపడేది. పక్క కాలేజీల్లో లేనిది తన దగ్గర ఒకటుండాలని మా కరస్పాండెంటుగారికి పట్టుదల. ఆ ఏడు ఆయన రెండో భాషగా ఫ్రెంచి పెట్టించి, గోడల మీద ఎర్రరంగుతో రాయించాడు. సంస్కృతం సెక్షను నిండిపోయాక చేరిన మా గుప్పెడుమందిని అందులోకి నెట్టారు. ఫ్రెంచి ఏ దేశంలో మాట్లాడతారో ఆ రోజు మాలో కొందరికి సరిగ్గా తెలియదు. నాకైతే అసలు తెలియదు.

సెలీన్ మేడం యానాం నుంచి వచ్చినవారు. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేదని కూడా నాకు ఆవిడ చెప్పాకే తెలిసింది. వాళ్ళ నాన్నగారు అక్కడ ఫ్రెంచి దొరల ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో తెలుగూ ఫ్రెంచీ కలిసి పెరిగాయి. రైల్వేలో పనిచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుని అనకాపల్లి వచ్చారు. ఆయన పోయాక పిల్లాజెల్లా లేకుండా, రైలు గేటు దగ్గర రెండు గదులు అద్దెకి తీసుకుని ఒక్కరే ఉండేవారు. అప్పటికి యాభై దాటుంటాయి. పొట్టి మనిషి, పిన్నులు గట్టిగా పెట్టిన ముడి, మెడలో చిన్న సిలువ. ప్రేమగా మాట్లాడే టీచరు కాదు. మా పేర్లు నేర్చుకోవడానికే ఆవిడకి చాలా రోజులు పట్టింది. తప్పు చదివితే మాత్రం ఆ పేరు వెంటనే గుర్తొచ్చేది.

మొదటి నెలలోనే ఒక రోజు బోర్డు మీద తెలుగులో ‘తినబోతున్నాను’ అని రాసి, దాని మధ్యలో సుద్దముక్కతో ఒక గీత గీశారు. “తిన ఒక ముక్క. బోతున్నాను ఒక ముక్క. ఈ బోతున్నాను ఏంటి?” అని అడిగారు. జవాబూ ఆవిడే చెప్పారు. “పోతున్నాను. ‘పో’ మెత్తబడి ‘బో’ అయింది, అంతే. తినడానికి పోతున్నాను అంటున్నారు మీరు. పుట్టినప్పట్నుంచీ అంటున్నారు, ఎప్పుడూ వినలేదు. ఫ్రెంచివాడూ సరిగ్గా ఇదే అంటాడు. వాడు పోవడాన్ని ముందు పెడతాడు, తినడాన్ని వెనక పెడతాడు. జ వే మాఁజే.” ఆ అరసున్న కూడా ఆవిడే రాశారు. మన పుస్తకాలు వదిలేసిన ఆ సగం సున్నతోనే ముక్కులోంచి పలికే ఫ్రెంచి శబ్దాలన్నీ మాకు తెలుగు లిపిలో రాసిపెట్టారు. జ వే, త్యు వా, ఇల్ వా, నూజలోఁ, వూజలే, ఇల్ వోఁ. నేను పోతున్నాను, నువ్వు పోతున్నావు, వాడు పోతున్నాడు, మేము, మీరు, వాళ్ళు. కింద దుకాణం వాళ్ళు తలెత్తి చూసేదాకా మాచేత అరిపించారు. “మనిషిని బట్టి మారేది ఈ పోవడమొక్కటే. దాని వెనక ఏ పని పెట్టినా సరే, తినడం, చదవడం, ఏడవడం, దాన్ని ముట్టుకోకండి. అది ఎలా పుట్టిందో అలాగే ఉంటుంది.”

అది దగ్గరి భవిష్యత్తు అన్నారు. ఆ తరవాత దాన్ని ఎప్పుడు వాడాలో చెప్పారు. అది నాకు పట్టుకోవడానికి కొంతకాలం పట్టింది. నన్ను లేపి, “నువ్వేం చెయ్యబోతున్నావు?” అని అడిగారు. నేను గర్వంగా తెలుగులో “పెద్ద సదువు సదువుతానండి” అన్నాను. “అది వేరే కాలం. ఎప్పుడో, ఏమో, దేవుడి దయ ఉంటే. దానికి ఫ్రెంచిలో ఒకే మాటగా ఉండే క్రియ వేరే ఉంది, తరవాత చెప్తాను. ఇప్పుడు నేనడిగింది చెప్పు. ఈ గదిలోంచి బయటికెళ్ళి ఏం చెయ్యబోతున్నావు?” బస్సెక్కుతానండి అన్నాను. “ఎక్కుతావా, ఎక్కబోతున్నావా?” ఎక్కబోతున్నాను. “జ వే ప్రాఁద్ర్ ల బ్యూస్. అను.” అన్నాను. పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కిటికీ బయట ఆకాశం నల్లబడి ఉంది. దాన్ని చూపించి, “మరి దాని సంగతేంటి?” అన్నారు. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఆ ఒక్కటీ నాకు బాగా తెలుసు. “వాన పడబోతందండి” అన్నాను. ఎలా తెలుసంది ఆవిడ చూపు. “కనపడతంది గదండి” అన్నాను. “అదీ. కనపడుతోంది కాబట్టి ఈ కాలం. కనపడకపోతే ఇది వాడకు.” ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే. అది మెప్పు అని కూడా ఇంటికెళ్ళేటప్పుడు బస్సులోనే అర్థమైంది.

నాకు క్లాసంటే ఇష్టం పెరిగేకొద్దీ కాలేజీకి ఆవిడంటే ఇష్టం తగ్గుతూ వచ్చింది. కరస్పాండెంటుగారు విజయవాడ నుంచి ఒక గైడు తెప్పించారు. పాత ప్రశ్నలు, వాటికి జవాబులు. అర్థం తెలియకపోయినా బొమ్మ గీసినట్టు అక్షరాలు దించేస్తే మార్కులొచ్చేస్తాయి. ఒక రోజు క్లాసు మధ్యలో ఆయన గుమ్మంలో నిలబడి, “మేడం, ఇయ్యి పిల్లల సేత బట్టీ కొట్టించండి సాలు. గ్రామరూ అదీ ఎందుకు?” అన్నారు. మేడం ఆ గైడు తీసుకుని తిప్పి చూసి బల్ల మీద పెట్టారు. “ఇది బట్టీ పడితే వీళ్ళకి ఫ్రెంచి రాదండి.” “ఫ్రెంచి ఎవులికి కావాల మేడం, మార్కులు గాని.” ఆవిడ, “వచ్చే ఏడు కూడా ఫ్రెంచి ఉంటుందాండి? ఈ పిల్లలకి రెండో ఏడు చెప్పాలి కదా” అని అడిగారు. “ఉంటాది. ఎందుకుండదు? మిమ్మల్ని పర్మనెంట్ కూడా చేసేత్తాం” అని ఆయన మెట్లు దిగిపోయారు. ఆయన దిగే చప్పుడు ఆగేదాకా మేడం సుద్దముక్క చేతిలో పట్టుకుని గుమ్మంకేసే చూస్తూ నిలబడ్డారు. తరవాత మావైపు తిరిగి, “చేసేత్తాం. ఆ మాటలో ‘ఎప్పుడు’ ఎక్కడుందో వెతికి చెప్పండి” అన్నారు. ఎవరికీ కనపడలేదు. ఆవిడ పాఠం మొదలెట్టారు. గైడు ఆ బల్ల మీదే ఉండిపోయింది.

అర్ధసంవత్సర పరీక్షల్లో సంస్కృతం వాళ్ళకి మార్కులు కురిశాయి. మాకు మేడం వచ్చినన్నే వేశారు. తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఎరువుల దుకాణం ఆయన ఒకడు లేచి మేడం మొహం మీదే, “మా ఓడేటి ఫ్రాన్సెల్లి ఎరువులమ్ముతాడా? మార్కులు తగ్గిపోతన్నాయి. మీరు సెప్పీది ఇంటికాడ సెప్పుకోండి” అన్నాడు. చాలామంది నవ్వారు. మేడం గోడ పక్కన కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని విన్నారు. మా అమ్మ బజారు నుంచి నేరుగా వచ్చి, ఖాళీ తట్ట తలుపు బయట పెట్టి వెనక వరసలో కూర్చుంది. కరస్పాండెంటుగారు కావాలనే అమ్మని లేపారు. “ఏమ్మా, నువ్వేటంటావు?” అమ్మ లేచి కొంగు సర్దుకుంది. “మాకేటి తెలుత్తాది బాబూ. పిల్లకి మార్కులొచ్చీలాగ సూడండి.” అంతకంటే ఆవిడ ఏమంటుంది? నేను ఉండబట్టలేక లేచాను. “మాకు మేడమే కావాలండి. మాకొచ్చేస్తంది ఇప్పుడు” అన్నాను. ఎవరూ పలక్కముందే మేడం అన్నారు: “కూర్చో రత్నం. నిన్నెవరూ అడగలేదు.” నేను కూర్చున్నాను. ఆవిడ పక్షాన లేచింది నేనొక్కదాన్నే, నా మీద మాట విసిరింది ఆవిడే. ఆ అవమానం నాకు చాలాకాలం మండింది. జరగబోయేది ఆవిడకి అప్పటికే కనపడుతోందనీ, అందులో నన్ను తగలకుండా పక్కకి నెట్టారనీ ఇప్పుడనిపిస్తుంది. అలా అనిపించడం నా సర్దుబాటు కూడా కావచ్చు. ఆవిడ నిజంగా చిరాకుపడే అన్నారేమో.

క్రిస్మస్‌కి ఆవిడ యానాం వెళ్ళి వచ్చారు. సంక్రాంతి సెలవులు ఇంకా ఇవ్వలేదు. ఒక రోజు ఆవిడతో పాటు కరస్పాండెంటుగారు కూడా క్లాసులోకి వచ్చారు. ఆయనే మాట్లాడారు. “పిల్లలూ, మేడంగారికి ఒంట్లో బాగులేదు. కొన్నాళ్ళు సెలవులో వెళ్తన్నారు. వచ్చేత్తారు. అంతవరకూ మీరు సంస్కృతం క్లాసులో కూకోండి.” మేడం ఆయన చెప్పేది పూర్తిగా విన్నారు. మాకు టాటా చెప్తారేమో అనుకున్నాను. ఆవిడ బోర్డు దగ్గరకెళ్ళి, చెరిపి, పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాశారు. “ఇది మీకింకా చెప్పలేదు. కాదనడం. పోవడానికి అటొకటి ఇటొకటి కాపలా పెడతారు. ఇటు ‘న’, అటు ‘పా’. మధ్యలో పోవడం. వెనక పని ఎప్పట్లాగే, దాన్ని ముట్టుకోకూడదు. జ న వే పా రవ్‌నీర్. నేను తిరిగి రాబోవడం లేదు.” కరస్పాండెంటుగారికి ఫ్రెంచి రాదు గాని ఆ తెలుగు వచ్చు. “ఏటి మేడం, పిల్లల ముందల” అన్నారు. ఆవిడ ఆయనవైపు చూడలేదు. “ఇప్పుడు మీరు నా గురించి చెప్పండి. ఆవిడ. ఎల్.” బోర్డు వదిలి మావైపు తిరిగారు. “అనండి. ఎల్ న వా పా రవ్‌నీర్.” అందరం అన్నాం. గట్టిగా అనమన్నారు, అన్నాం. ఒకమ్మాయి అంటూనే ఏడ్చింది. “ఎవరైనా అడిగితే ఇదే చెప్పండి. వచ్చేస్తారని చెప్పకండి” అని సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నమే మమ్మల్ని సంస్కృతం గదికి తీసుకెళ్ళారు. గోడల మీద ఎర్రరంగు రాతలు మాత్రం తరవాతి ఏడు అడ్మిషన్లయ్యేదాకా అలాగే ఉంచారు.

శనివారం మధ్యాహ్నాలు ఆవిడ ఇంటికి వెళ్ళడం నా అంతట నేను మొదలెట్టాను. మొదటిసారి తలుపు తీసి, “ఎందుకొచ్చావు?” అన్నారు. ఫ్రెంచి చెప్తారా అన్నాను. “దాంతో ఏం చేస్తావు?” తెలీదండి అన్నాను. ఆ జవాబు నచ్చిందో ఏమో లోపలికి రమ్మన్నారు. ముందు గదిలో గూట్లో మరియమ్మ బొమ్మ, ఇంగ్లీషు ట్యూషనుకొచ్చే చిన్నపిల్లల కోసం పరిచిన చాపలు. వాటి మీదే ఆవిడ నాకు రెండేళ్ళు ఫ్రెంచి చెప్పారు. రైలు వెళ్ళేటప్పుడు పాఠం ఆపి, అది వెళ్ళాక ఆపిన మాట నుంచి మళ్ళీ అందుకునేవారు. అప్పుడప్పుడూ, ఏ సందర్భమూ లేకుండా, తనలోని చేదు ఒలికేది. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలేశాక, కావాలంటే ఫ్రెంచి పౌరులుగా ఉండొచ్చని అక్కడివాళ్ళకి గడువు ఇచ్చారట. వాళ్ళ పెదనాన్న సంతకం పెట్టి ఓడెక్కాడు. “మా నాన్న ఆలోచిస్తానన్నారు. మా అమ్మ అడిగినప్పుడల్లా ఆలోచిస్తాననేవారు. ఆలోచిస్తానంటూండగానే గడువైపోయింది. వెళ్ళనని అనుంటే ఎవరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు. ఆయన అది కూడా అనలేదు.” అని పుస్తకంలో పేజీ తిప్పేవారు. ఆవిడకి ఒక కాలం మీద అంత నమ్మకం, ఇంకో కాలం మీద అంత కక్ష ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు అప్పుడు తెలిసింది. మిగతావాళ్ళకి అది పుస్తకంలో ఒక పాఠం.

నేను విశాఖలో డిగ్రీ చేశాను. సాయంత్రాలు ఎవరి దగ్గరో ఫ్రెంచి పరీక్షలకి చదివి పాసయ్యాను. రెండువేల తొమ్మిదిలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఫ్రాన్సులో ఇంటర్నెట్టు పనిచేయనివాళ్ళు ఫోన్ చేస్తే విశాఖలో కూర్చుని మేం జవాబు చెప్పాలి. మిఠాయి పట్టుకుని నేరుగా మేడం ఇంటికి వెళ్ళాను. సంతోషపడతారనుకున్నాను. ఆవిడ పొట్లం విప్పకుండా పక్కన పెట్టి, నేనెక్కడ కూర్చుంటాను, ఎవరితో మాట్లాడతాను, ఎలాంటి గది అన్నీ అడిగారు. తరవాత, “నేను నేర్పిన మాటలే కదా అవి” అన్నారు. అవునండి అన్నాను. “నేర్పినదాన్ని కుర్చీలోంచి లేపేశారు. నేర్చుకున్నదాన్ని కూర్చోబెట్టారు.” ఆ మాట నన్ను ఉద్దేశించి కాదు, కానీ గదిలో ఇంకెవరూ లేరు. నేను తల దించుకున్నాను. కాస్సేపటికి ఆవిడే గొంతు మార్చి, ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగని మనిషి, “వాళ్ళకింకా మనుషులు కావాలా?” అని అడిగారు.

కావాలి. మా కంపెనీకి అప్పుడు ఫ్రెంచి వచ్చినవాళ్ళు దొరక్క నానా తంటాలు పడుతున్నారు. మా పై ఆఫీసరుతో మాట్లాడి, ఇంటర్వ్యూకి ఒప్పించి, ఆవిడ్ని విశాఖ తీసుకెళ్ళాను. దారిపొడుగునా బస్సులో ఆవిడ పెదాలు కదుపుతూనే ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల నూలు చీర, చేతిలో గొడుగు. మా ఆఫీసు అద్దాల తలుపు దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగారు. ఇంటర్వ్యూ చేసిన కుర్రవాడు మర్యాదస్తుడే. ముందు మాట్లాడించాడు. ఆవిడ అచ్చు పుస్తకం చదువుతున్నట్టు, నిదానంగా, ఒక్క తప్పు లేకుండా మాట్లాడారు. అతను ఆశ్చర్యపోయి నావైపు చూశాడు. నాకు గుండె నిండింది. తరవాత చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి ఒక రికార్డింగు వినిపించాడు. ఎవడో కుర్రాడు, కోపంగా, మాటలు సగం మింగేస్తూ, మేడం నాన్నగారి కాలంలో పుట్టని మాటలతో, తన ఇంటర్నెట్టు గురించి తిడుతున్నాడు. నాకు రోజూ వినే భాషే. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. మళ్ళీ వినిపించమన్నారు. మళ్ళీ. మూడోసారి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, “ఈ అబ్బాయి ఏమంటున్నాడో నాకు తెలియడం లేదు” అన్నారు. ఆవిడ నోట అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు.

కుర్రవాడు లేచి నిలబడి, “చాలా బాగా మాట్లాడారు మేడం. మేం కాల్ చేస్తాం” అన్నాడు. మేడం కుర్చీలోంచి లేవలేదు. క్లాసులో అడిగే గొంతుతో, “చేస్తారా, చేయబోతున్నారా?” అని అడిగారు. అతనికి అర్థం కాలేదు. నవ్వి, “రెండూ ఒకటే కదా మేడం” అన్నాడు. మేడం గొడుగు తీసుకుని లేచారు.

తిరుగు బస్సులో ఆవిడ గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేనే ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. గాజువాక దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు రత్నం. వాడికి నిజంగానే రెండూ ఒకటే. మా కరస్పాండెంటు అబద్ధం చెప్పాడు, అందుకని వాణ్ణి తిట్టుకోడానికి నాకు వీలుండేది. ఈ అబ్బాయిని ఏమని తిట్టుకోను?” అన్నారు. కాల్ రాలేదు. నేను ఆఫీసులో అడిగితే, “చూస్తున్నాం” అన్నారు. ఆ మాట ఆవిడకి చెప్పే ధైర్యం లేక, ఏమీ చెప్పకుండా ఉండలేక, ఆ తరవాతి ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. మేడంగారు యానాం చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయారని, చాపలు ట్యూషను పిల్లలకి పంచేశారని పక్కింటామె చెప్పింది. నాకేమైనా చెప్పమన్నారా అని అడిగాను. ఏమీ చెప్పలేదంది.

యానాం ఒక్కసారే వెళ్ళాను. చెల్లెలి ఇంట్లో వెనక వరండాలో ఆవిడకి మంచం వేశారు. కళ్ళలో శుక్లాలు ముదిరి, నన్ను గొంతు బట్టి గుర్తుపట్టారు. ఆపరేషను చిన్నదే, ఎందుకు చేయించుకోలేదని అడిగాను. చెల్లెలి కొడుకు అప్పుడే వచ్చి, “‘చేయిద్దాం పెద్దమ్మా, ఈ వేసవి పోనీండి’ అంటున్నానండి” అని నాతో చెప్పి వెళ్ళాడు. అతను వెళ్ళాక నేను గొంతు తగ్గించి, “రేపు నాతో కాకినాడ ఆస్పత్రికి రండి మేడం. నేను సెలవు పెట్టే వచ్చాను” అన్నాను. ఆవిడ మొహం నావైపు తిప్పారు, కొంచెం పక్కకి, నేను లేని చోటికి. “నీతో వస్తే వాడికి చెయ్యాల్సిన పని పోతుంది. వాడన్న మాట వాడి మీదే ఉండనీ.” కళ్ళు మీవి కదండీ అన్నాను. “మాట వాడిది” అన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి నాకు కోపం వచ్చింది. ఇంత మొండితనం ఎవరికి శిక్ష, మీకే కదా అన్నాను. ఆవిడ, “అంతమందికి చెప్పాను. నువ్వొక్కదానివి నేర్చుకున్నావు. నువ్వు కూడా నేర్చుకోకుండా ఉండాల్సింది” అన్నారు. అది దీవెనో తిట్టో నాకు ఈ రోజుకీ తెలియదు. సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

ఆవిడ పోయినట్టు చెల్లెలి కొడుకే ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి చర్చి వెనక సమాధుల తోటలో మట్టి కప్పుతున్నారు. “ఆపరేషన్ చేయిద్దామనే అనుకుంటున్నామండి, ఇంతలోనే ఇలా అయింది” అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు నిజమైనవే. నేను తలూపాను. అతనికీ రెండూ ఒకటే.

ఇప్పుడు మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి ఫ్రెంచి చెప్పేది నేనే. మొదటి వారం చెప్పవలసిన వాక్యాల్లో ‘ఓఁ వా వూ రప్లే’ ఒకటి. మేం మీకు తిరిగి ఫోన్ చేయబోతున్నాం. కోపంగా ఉన్న మనిషిని చల్లబరచడానికి ఈ కాలం బాగా పనిచేస్తుందని పైవాళ్ళు కనిపెట్టారు. చాలామందికి ఎవరూ ఫోన్ చెయ్యరు, అది మా అందరికీ తెలుసు. నా క్లాసులో పిల్లలకి దాన్ని ఎలా కూర్చాలో చెప్పి, ఆ మాట అన్నవాళ్ళు ఆ ఫోను చేసేదాకా ఇంటికెళ్ళకూడదని చెప్తాను. తలలూపుతారు. నెల తిరక్కుండా మర్చిపోతారు. నేను మాత్రం కాల్స్ తీసుకున్న రోజు ఆ మాట ఎవరెవరికి అన్నానో వాళ్ళందరికీ చేసే లేస్తాను. దానివల్ల నా కాల్స్ లెక్కలు ఎప్పుడూ వెనకబడే ఉంటాయి, నా వెనక చేరినవాళ్ళు నాకు పైఅధికారులయ్యారు. ఇది మంచితనం అని నేను అనుకోవడం లేదు. పట్టుకున్న జబ్బులాంటిది. తగ్గదు.

అది ఆఫీసులోనే ఆగలేదు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు అందరూ ‘వస్తాను’ అంటారు. వెళ్ళేవాళ్ళు వెళ్తున్నాననకూడదు. ఎప్పుడొస్తారో ఎవరూ అడగరు, అది మాటవరసకి అనే మంచిమాట. నాకు ఆ మాట నోరు తిరగదు. కిందటి ఆదివారం పూడిమడకలో సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, “ఎల్తన్నానమ్మా” అన్నాను. అమ్మ మొహం చిన్నబోయింది. “ఎన్నిసార్లు సెప్పాలే నీకు? వత్తానని అనాల. మళ్ళీ ఆదివారం వత్తావా?” తెలీదమ్మా అన్నాను. నిజంగానే తెలీదు, మా షిఫ్టులు శుక్రవారం దాకా చెప్పరు. “అనడానికి కూడా నొప్పేటే” అంది. నేను నిలబడే ఉన్నాను, ఆ చిన్నమాట అమ్మకి ఇవ్వలేక. పక్కింటి మామ్మ తమ అరుగు మీద నుంచి చూస్తోంది. అమ్మ ఆమెవైపు తిరిగి, “అదలాగే అంటాది గానీ, వత్తాదిలే” అంది.